వంత పాడేవాళ్లు

"మా వాడికి మార్కులకేం లోటులేదు వదినా, నలుగురిలో నోరు తెరవమంటేనే ప్రాణం మీదికొస్తుంది" - ఈ మాట అనని తల్లి నాకింతవరకూ తారసపడలేదు. ఇల్లంతా తనదే అయినట్టు గంతులేసే ఆడపిల్ల, పక్కింటి పిన్నిగారొచ్చి "ఓ పాట పాడవే" అనగానే వాళ్లమ్మ కొంగు చాటుకి పోతుంది. దాన్ని మనం సిగ్గంటాం, భయమంటాం, మరీ విసుగొస్తే మేనత్త పోలిక అంటాం. (మేనత్తలు యీ లోకంలో ఎన్ని నిందలు మోస్తారో పాపం!)

పిల్లకి సిగ్గుండటం కాదు, వంత లేకపోవడం అసలు ఇబ్బంది అని నాకనిపిస్తుంది. వంత పాడటం అంటే ఇప్పుడు తిట్టు కింద వాడుతున్నాం గానీ, అది చాలా మంచి మాట. బుర్రకథలో కథకుడికి అటూ యిటూ ఇద్దరు వంతలుంటారు చూడండి. ఒకడు హాస్యం చెబుతాడు, ఇంకొకడు లోకం పోకడ చెబుతాడు. కథకుడు వూపిరి పీల్చుకునే లోపల వాళ్లు పాట అందుకుంటారు. అతను మాట మరిచిపోతే అందిస్తారు. కథ చెబుతుంటే పిల్లలు ఊకొట్టడం కూడా వంతే. ఆ ఊకొట్టే పిల్లలే నాలుగు రోజులకి "కాదు బామ్మా, నిన్న రాక్షసుడికి రెండు తలలే అన్నావు" అని దిద్దుతారు. ఇంకో నాలుగు రోజులకి తామే చెబుతారు. ఏ పిల్లా ఒక్కసారిగా కథకురాలై పోదు, వంతగా మొదలవుతుంది.

మన నేలమీద పిల్లల్ని అలా వంతగా నిలబెట్టుకుని, మెల్లగా కథ చేతికిచ్చిన చోట్లు చాలా వున్నాయి. కొన్నింటిని ఎవరూ పనిగట్టుకుని పెట్టలేదు. ఒకదాన్ని మాత్రం ఓ భార్యాభర్తల జంట పనిగట్టుకుని పెట్టింది. ఆ కథలోకి వెళ్లేముందు ఒకసారి హైదరాబాదు దక్షిణపు కొసకి పోయివద్దాం.

చార్మినారు దాటి, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, బార్కాస్ కూడా దాటి శ్రీశైలం రోడ్డున పోతే పహాడీ షరీఫ్ వస్తుంది. 2008లో శంషాబాదు విమానాశ్రయం తెరిచాక చుట్టూ ఎన్ని మారినా రాతికొండా, దానిమీద దర్గా అలాగే వున్నాయి. అది బాబా షర్ఫుద్దీన్ దర్గా. సుహ్రవర్దీ సంప్రదాయానికి చెందిన సూఫీ ఆయన, ఇరాక్ నుంచి దక్కనుకి వచ్చి 13వ శతాబ్దంలో యిక్కడ వుండిపోయాడు. చార్మినారు కట్టింది 1591లో. అంటే హైదరాబాదనే వూరు పుట్టక మూడు వందల ఏళ్ల ముందు మాట! ఓరుగల్లులో గణపతిదేవుడూ, తర్వాత రుద్రమదేవీ ఏలిన కాలం. మొక్కు తీరినవాళ్లు సంసారాలతో సహా వచ్చి, కొండ కింద పొయ్యిలు పెట్టి వండుకుని, ఫాతెహా ఇచ్చి నలుగురికీ పెట్టి పోవడం యిక్కడి ఆచారం. వచ్చేవాళ్లలో హిందువులూ తక్కువేం కాదు.

షాబాన్ నెలలో ఉర్సు జరుగుతుంది. ఉర్సంటే ఖవ్వాలీ వుండాలి కదా. మీరెప్పుడైనా ఖవ్వాలీ బృందాన్ని చూస్తే ముందు వరసలో హార్మోనియం ముందు కూర్చున్న పెద్దాయన్ని కాక, వెనక వరస చూడండి. అక్కడ పదేళ్లవాడో, పన్నెండేళ్లవాడో వుంటాడు. వాడి పని చప్పట్లు కొట్టడం. పెద్దలు ఒక ముక్క పాడి వదిలితే దాన్ని అందుకోవడం. వాడికి ఫారసీ పదాల అర్థం తెలియకపోవచ్చు. ఏ మాట దగ్గర సభ "వాహ్" అంటుందో, ఏ మాటని నాలుగుసార్లు తిప్పితే వినేవాళ్ల కళ్లు చెమరుస్తాయో వాడికి తెలిసిపోతూ వుంటుంది. హైదరాబాదు ఖవ్వాలీకి దేశమంతా పేరు తెచ్చిన అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ గారికి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పాటని తర్వాత మనవలు, వార్సీ సోదరులు నిలబెట్టారు. తాత నుంచి మనవడికి పాట వెళ్లాలంటే మధ్యలో కొన్నేళ్లు వెనక వరసలో చప్పట్లు కొట్టవలసిందే.

ఇది మగపిల్లల సంగతి. మరి ఆడపిల్లలో?

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. రిచర్డ్ ఈటన్ అనే అమెరికా చరిత్రకారుడు బిజాపూరు సూఫీల మీద 1978లో ఒక పుస్తకం వేశాడు. సూఫీ గురువులు రాసిన పెద్ద పెద్ద ఫారసీ గ్రంథాలు పండితుల కోసం. మామూలు జనానికి ఆ భావాలు ఎలా చేరాయయ్యా అంటే, ఆడవాళ్ల పాటల ద్వారా అంటాడాయన. దక్కనీ భాషలో చక్కీనామా అని వుండేది, తిరగలి దగ్గర పాడుకునే పాట. రాట్నం దగ్గర చర్ఖానామా. ఉయ్యాల దగ్గర లోరీనామా. తిరగలి పిడిని అరబ్బీ మొదటి అక్షరంతో పోల్చి, పిండి విసురుతూ దేవుణ్ణి తలుచుకోవడమన్నమాట. తల్లి విసురుతుంటే పక్కన కూర్చుని గింజలు పోసే పిల్ల ఏం చేస్తుంది? వంత పాడుతుంది. మసీదులోనూ కాదు, బడిలోనూ కాదు, వేదాంతం వంటింటి గడపలోంచి పిల్లల నోటికెక్కింది. మన తిరగలి పాటలకీ, రోకటి పాటలకీ వాళ్ల చక్కీనామాలకీ తేడా భాషలోనే గానీ పనిలో లేదు. ఆ తెలుగు పాటల మీద బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో 1950లలో పరిశోధన చేసేనాటికి కరెంటు పిండిమరలు వూళ్లలోకి వస్తున్నాయి. మరొచ్చాక ఆడవాళ్ల భుజాలకి సుఖం దొరికింది. (దానికి నేను మాత్రం వెయ్యి దండాలు పెడతాను.) పాట మటుకు పోయింది.

కొండ నుంచి వూరివైపు తిరిగితే బార్కాస్. ఇంగ్లీషు బారక్స్ జనం నోట బార్కాస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల సంతతి అక్కడుంటారు. నిజాం కొలువులోనే ఆఫ్రికా సంతతి సిద్దీల అశ్వికదళం వుండేది. మాసాబ్‌ట్యాంకు దగ్గర ఏ.సి.గార్డ్స్ అనే పేటకి ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. ఈ ఇద్దరి చేతుల్లోంచి మర్ఫా పుట్టింది. డప్పులూ, కర్రలూ పట్టుకుని దరువుకి తగ్గట్టు అడుగులేస్తూ యువకులు పెళ్లి వూరేగింపు ముందు నడుస్తుంటే, వెనక చిన్న పిల్లలు ఖాళీ డబ్బాల మీద అదే దరువు వేస్తుంటారు. ఇవాళ మన పెళ్లిళ్లలో కుర్రాళ్లు వెర్రెత్తి ఆడే తీన్‌మార్‌కి మూలం ఆ దరువే.

ఇక యీ రంగారెడ్డి, నల్లగొండ పల్లెల్లో అన్నింటికన్నా పెద్ద బడి పీర్ల పండుగ. మొహర్రం నెల మొదటి పది రోజులూ పీర్ల కొట్టం ముందు గుండం తవ్వి నిప్పు వేస్తారు. దాన్ని అలావా అంటారు. క్రీ.శ. 680లో కర్బలా ఎడారిలో దప్పికతో, కత్తులతో చనిపోయిన హుసేను కథని తెలుగులో, తెలుగూ ఉర్దూ కలిసిపోయిన పాటల్లో పాడుకుంటూ గుండం చుట్టూ తిరుగుతారు. పాట ఎత్తుకునేది ఒక్కడే, అందుకునేది ముప్పైమంది. ఎత్తుకునేవాడు గౌడు కావచ్చు, మాల కావచ్చు, తురక కావచ్చు. పీరు ఎత్తేవాడు హిందువైన వూళ్లు ఎన్నో. పిల్లలకి పులివేషాలు వేస్తారు. వేషం కట్టిన పిల్లవాడికి యిక సిగ్గెక్కడిది, వాడు పులి గదా! ఎక్కడో అరబ్బు దేశంలో పదమూడు వందల ఏళ్ల కిందట నీళ్లందక చనిపోయిన పసివాడి కోసం మన పల్లెల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. దూరాన్నీ, మతాన్నీ, భాషనీ దాటించి ఒకరి దుఃఖాన్ని ఇంకొకరికి చేర్చడం ఎలాగో పాఠ్యపుస్తకం చెప్పలేదు వాళ్లకి, ఆ పది రాత్రులు చెప్పాయి. బతుకమ్మ చుట్టూ ఆడపిల్లలు నేర్చేదీ యిలాగే. ఒకావిడ చెబుతుంది, మిగతావాళ్లు చప్పట్లతో అంటారు, ఏదో ఒక ఏడు ఆవిడ గొంతు బొంగురుపోతే ఆవిడ కోడలు అందుకుంటుంది.

తెలుగు బుర్రకథకి పితామహుడనిపించుకున్న షేక్ నాజర్ గారిని కూడా యిక్కడ తలుచుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేదింట 1920లో పుట్టిన ముస్లిం పిల్లవాడు పెద్దయి పల్నాటి యుద్ధం చెబితే వూళ్లకి వూళ్లు కదిలొచ్చాయి. ప్రజానాట్యమండలి 1943లో మొదలయ్యాక ఆ కళ చేతులు మారి కొత్త కుర్రాళ్లకీ, గడప దాటి వచ్చిన ఆడవాళ్లకీ కూడా అందింది. వాళ్లది వేరే పెద్ద కథ. మనం పిల్లల దగ్గరకే పోదాం.

పల్లె వదిలి పట్నం వచ్చిన మధ్యతరగతి కుటుంబానికి యివేవీ మిగల్లేదు. 1930లలో మద్రాసులో రెండు గదుల వాటాలో కాపురం పెట్టిన తెలుగు గుమస్తా పిల్లలకి తిరగలి లేదు, గుండం లేదు, బామ్మ వూళ్లో వుంది. బడిలో ఎక్కాలూ, ఇంగ్లీషు పద్యాలూ చేతులు కట్టుకుని వప్పజెప్పడమే. వప్పజెప్పేటప్పుడు వంత వుండదు. తప్పితే బెత్తం వుంటుంది.

అలాంటి రోజుల్లో, 1938లో మద్రాసు రేడియో కేంద్రం తెరిచారు. పిల్లల కార్యక్రమం న్యాయపతి రాఘవరావు గారి చేతికొచ్చింది. ఆయన 1905లో బరంపురంలో పుట్టినవారు, పాఠాలు చెప్పినవారు, పత్రికలో పనిచేసినవారు. భార్య కామేశ్వరి గారు. ఆయన రేడియో అన్నయ్య, ఆవిడ రేడియో అక్కయ్య. ఈ పిలుపులు కాస్త చూడండి. మాస్టారూ కాదు, మామయ్యా కాదు. తండ్రి వయసున్న మనిషి అన్నయ్య అయ్యాడు. తండ్రి ముందు పిల్లలు పాడరు, అన్నయ్య ముందు పాడతారు. (భార్యాభర్తలు అన్నయ్యా అక్కయ్యా ఏమిటని ముక్కున వేలేసుకున్న ముసలమ్మలుంటే వుండనివ్వండి.)

అంతవరకూ పిల్లల కోసం అంటే పెద్దలు చెప్పడం, పిల్లలు వినడం. వీళ్లు దాన్ని తలకిందులు చేశారు. మైకు ముందు పిల్లలు నిలబడ్డారు. కథ పిల్ల చెబుతుంది, నాటిక పిల్లలు వేస్తారు, పొడుపుకథ పిల్లవాడు వేస్తాడు. అన్నయ్యా, అక్కయ్యా పక్కనుండి ఊకొడతారు, నవ్వుతారు, మాట అందిస్తారు. అంటే పెద్దవాళ్లు వంతలయ్యారు, పిల్లలు కథకులయ్యారు! అవి టేపు మీద ఎక్కించుకుని తప్పులు కత్తిరించుకునే రోజులు కావు. పిల్లవాడు తుమ్మితే ఆ తుమ్ము విజయవాడలో వినబడుతుంది. అలాంటి మైకు ముందు ఐదేళ్లవాణ్ణి నిలబెట్టాలంటే ఎంత ధైర్యం కావాలి! నా ఉద్దేశంలో ఆ ధైర్యం పిల్లవాడికి కాదు, ముందు పెద్దవాళ్లకే కావాలి.

రేడియో గదిలో పట్టే పిల్లలు ఎంతమంది? అందుకని 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. పాటలూ ఆటలూ నాటికలూ కథలూ వారం వారం జరగాలి, పిల్లలు కలవాలి. తర్వాత తెలుగు వూళ్లలో అలాంటి సంఘాలు చాలాచోట్ల వెలిశాయి. 1945 ఆగస్టులో "బాల" పత్రిక తెచ్చారు. పిల్లలు పిల్లల కోసం రాసే పత్రిక. ముళ్లపూడి వెంకటరమణ గారి మొదటి కథ "అమ్మ మాట వినకపోతే" అందులోనే, ఆ ఏడే పడింది. అప్పటికాయనకి పద్నాలుగేళ్లు. ఆయన కన్నా రెండేళ్లు చిన్న బాపు గారి బొమ్మలూ ఆ పత్రికలోనే మొదలయ్యాయి. బుడుగూ, సీగాన పెసూనాంబా ఎక్కణ్ణుంచి వచ్చారని ఎవరైనా అడిగితే నేను "బాల" పుటల్లోంచి వచ్చారని చెబుతాను. ఒకరు పిల్లవాడి మాటని తప్పు దిద్దకుండా అచ్చేశారు గనకే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక కూడా పిల్లల భాష మరిచిపోలేదు. పత్రిక 1959లో ఆగిపోయింది. మంచి పత్రికలకి ఆయువు తక్కువ, ఏం చేస్తాం.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. స్టేజీ మీద ఆడపిల్ల కనబడితే పెళ్లికాదని భయపడే కాలం అది. నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే వేసేవాళ్లు, సురభి వాళ్లలాంటి కుటుంబాల్ని మినహాయిస్తే. అలాంటప్పుడు రేడియో ఓ చిన్న కిటికీ తెరిచింది. మనిషి కనబడదు, గొంతు మాత్రం వినబడుతుంది. పైగా అక్కడ అక్కయ్య వుంది. ఒక్క అన్నయ్యే వుంటే ఎంతమంది తల్లులు తమ ఆడపిల్లల్ని జడలు వేసి రేడియో స్టేషనుకి పంపేవారో నాకు అనుమానమే. చరిత్ర రాసేవాళ్లు రాఘవరావు గారి పేరు ముందు రాసి, కామేశ్వరి గారిని "సహధర్మచారిణి" అని ఒక మాటతో సరిపెడతారు. ఆవిడ లేకపోతే బాలానందంలో సగం గొంతులు, ఆ ఆడపిల్లల సగం, వుండేవి కావు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చేశారు. నారాయణగూడలో సంఘం మళ్లీ వెలిసింది. హైదరాబాదులో అప్పటికే రేడియో వుంది, నిజాం కాలంలో 1935లో దక్కన్ రేడియోగా మొదలై, 1950లో ఆకాశవాణి అయింది. 1980లో కామేశ్వరి గారూ, 1984లో రాఘవరావు గారూ వెళ్లిపోయారు. అప్పటికే ఆ మైకు దగ్గర ఇంకో అక్కయ్య వచ్చింది. తురగా జానకీరాణి గారు, తానూ కథలూ నవలలూ రాసిన మనిషి, 1970ల నడుమ నుంచి ఆకాశవాణిలో పిల్లల్ని కూడగట్టారు. మా అమ్మకి రేడియో అక్కయ్య అంటే కామేశ్వరి గారు, నాకు జానకీరాణి గారు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక రేడియో ముందు కూర్చుంటే, ఎవరో నా యీడు పిల్ల గబగబా పాడేసి ఆయాసపడుతుంటే, "బావుంది తల్లీ" అనే ఆ గొంతు నాకింకా చెవిలో వుంది. ఆవిడ 2014లో పోయారు.

ఇంత మెచ్చుకున్నాక ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తిగా వుండదు. పీర్ల గుండానికి తలుపు లేదు. రేడియో స్టేషనుకి తలుపుంది. పబ్లిక్ గార్డెన్సు ఎదుట ఆ స్టూడియోకి ఒక పిల్ల రావాలంటే బస్సు చార్జీ వుండాలి, ఇస్త్రీ గౌను వుండాలి, పని మానుకుని వెంట రాగల పెద్దమనిషి వుండాలి. పుస్తకాల తెలుగు వుండాలి. పహాడీ షరీఫ్ కొండ కింద పూలమ్మే పిల్లకి, మామిడిపల్లి నుంచి గేదెల్ని తోలే కుర్రవాడికి యివి ఎక్కణ్ణుంచి వస్తాయి? వాళ్ల ఇంట్లో తెలుగూ ఉర్దూ ఒకే వాక్యంలో నడుస్తాయి. ఆ వాక్యం బాలానందంలో పాసు కాదు. ఇది అన్నయ్యా అక్కయ్యల తప్పని నేననను, వాళ్లు వూరూరా సంఘాలు పెట్టమన్నది యిందుకే. అయినా గుండం చుట్టూ నేర్చిన పిల్లలూ, మైకు ముందు నేర్చిన పిల్లలూ ఒకే వూళ్లో వుండి ఒకరినొకరు వినకుండా పెరిగారు.

ఈ చిక్కు ఒక్క మనదే కాదు. అమెరికాలో షికాగో నగరంలో హల్ హౌస్ అని 1889లో జేన్ ఆడమ్స్ పెట్టిన ఇల్లుంది. ఇటలీ నుంచీ, రష్యా నుంచీ, ఎక్కడెక్కడి నుంచో పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ల పేట అది. అక్కడ నీవా బాయిడ్ అనే ఆవిడ పల్లెటూరి ఆటలన్నీ పోగేసి పిల్లలచేత ఆడించేది. ఆవిడ దగ్గర నేర్చుకున్న వయోలా స్పోలిన్, 1940 ప్రాంతాల్లో, అంటే సరిగ్గా మద్రాసులో మన సంఘం మొదలైన రోజుల్లోనే, ఆ ఆటల్నే నాటకం నేర్పే పద్ధతిగా మార్చింది. భాష రాని పిల్లలకి "ఇలా నటించు" అని చెబితే అర్థం కాదు, ఆట పెడితే అర్థమవుతుంది. కనబడని బంతిని విసురు, అవతలివాడు పట్టుకుంటాడు. అంతే, ఇద్దరూ నటులై పోయారు. ఆ ఆటలతో ఆవిడ 1963లో పుస్తకం వేస్తే, ఇవాళ ప్రపంచమంతా నటులు దాన్ని దగ్గర పెట్టుకుంటున్నారు. అది మొదట పేద పిల్లల కోసం పుట్టిందని చాలామందికి గుర్తుండదు.

మన కొండ చుట్టుపక్కల మళ్లీ కొత్త భాషలొచ్చాయి. 2012 తర్వాత బర్మా నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు బాలాపూరు, పహాడీ షరీఫ్ పరిసరాల్లో గుడిసెలు వేసుకున్నాయి. బీహారు నుంచీ, ఒరిస్సా నుంచీ కూలికి వచ్చినవాళ్లున్నారు. ఇరాక్ నుంచి వచ్చిన ఫకీరుకీ, యెమెన్ సిపాయికీ, ఆఫ్రికా రౌతుకీ చోటిచ్చిన నేల అది. పెద్దవాళ్లు పని దగ్గర నాలుగు మాటలు నేర్చుకుంటారు. ఆ పిల్లలు ఎవరికి కథ చెబుతారు, ఎవరు ఊకొడతారు?

కిందటి ఏడు నేను కొండ మెట్లు దిగుతుంటే, ఓ పక్కగా ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె ఇద్దరు చిన్నవాళ్లని కూర్చోబెట్టుకుని ఏదో చెబుతోంది. ఆ భాష తెలుగు కాదు, ఉర్దూ కూడా పూర్తిగా కాదు. మధ్యలో "పులి" అనే మాట ఒక్కటే నాకు తెలిసింది. పులి అన్నప్పుడల్లా చిన్నవాడు తొడ మీద చేత్తో దరువేస్తున్నాడు. నేను రెండు మెట్లు కింద ఆగి, చెప్పు తెగినట్టు వంగి, కథ అయిందాకా నిలబడ్డాను. పిల్ల నా వంక అనుమానంగా చూసింది గానీ, ఆపలేదు.